మూడు సీసాల సాక్ష్యం

ఆమె పేరు నా చేతితో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ సర్కారుకు పెట్టే కాగితం మీదనే. మొదటిసారి కోపంతో రాశాను. రెండోసారి ఆమె భర్త అడిగితే రాశాను. మూడోసారి ఎవరూ అడగకుండానే రాశాను. ఇక్కడ మాత్రం రాయను. కాగితం మీదికి ఎక్కిన పేరు ఎన్ని బల్లల మీద నలుగుతుందో నాకు తెలుసు.

కరీంనగర్‌లో కలెక్టర్ ఆఫీసు ముందర అర్జీలు రాయడం నా పని. ఒక మడత బల్ల, ఒక కుర్చీ, ఎదురుగా ఒక స్టూలు. ముప్పై ఏండ్లుగా ఇదే నా కచేరి. సోమవారం ప్రజావాణి నాడు నా బల్ల ముందు లైను ఉంటుంది. పట్టా పుస్తకంలో పేరు తప్పు పడ్డవాళ్ళు, దుబాయికి పోయిన కొడుకు జాడ తెలియనివాళ్ళు, మగ్గం షెడ్డుకు కరెంటు కట్ చేస్తే లబోదిబోమంటూ వచ్చినవాళ్ళు. పరాయివాళ్ళ తరఫున ఎన్ని రాశానో నా తరఫునా అన్ని రాశాను. చెయ్యెత్తినా ఆపకుండా పోయిన బస్సు డ్రైవర్ మీద రాశాను. వరుసగా మూడు రోజులు నల్లా రాకపోతే రాశాను. మేనకోడలి పెండ్లిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన మా బావ మీద అర్జీ పెట్టే వీలు లేక, పందొమ్మిదేండ్లుగా ఆయనతో మాట మానేశాను. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు తేదీతో సహా గుర్తుంటుంది.

ఆమె నన్ను ఏడుసార్లు అవమానించింది.

మొదటిది దవాఖానలో ల్యాబు గడప దగ్గరే జరిగింది. "రా కాకా, కూసో" అన్నది. నాకూ ఆమెకూ మహా అయితే ఆరేండ్ల తేడా. ఆమె జుట్టు నా జుట్టుకంటే తెల్లగా ఉంది. పొట్టి మనిషి, బొద్దు మనిషి. తెల్లకోటు గుండీలు రెండు ఎప్పుడూ పట్టేవి కావు. ఆ ల్యాబులో నెత్తురు తీసి పరీక్ష చేసే టెక్నీషియన్. ఆదిలాబాద్ ఆమె. తెలుగులో మరాఠీ కలిసిపోయేది. ఆశ్చర్యం వేస్తే "అగ బాయీ" అనేది, చాలంటే "బస్ బస్" అనేది. మధ్యాహ్నం ల్యాబు తలుపు బయట బెంచీ మీద కూర్చుని జొన్నరొట్టె, ఎర్రకారం తినేది. అటు పోయే ప్రతివాణ్ణీ "తిన్నవా?" అని అడిగేది. తినలేదంటే రొట్టె విరిచేది.

అప్పటికి రెండు నెలలుగా నాకు పొద్దుగూకగానే చలి, జ్వరం. పగలు బాగానే ఉండేది. ప్యాంటు నడుము దగ్గర వదులై, బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పొడిచాను. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. స్కాను తీశాడు. గుండె లోపల తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయట. వాటిలో ఒకదాని మీద చిన్న కండలాంటిది పెరిగి, తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఊగుతున్నదట. గుండె లోపొరకు ఏదో క్రిమి పట్టింది, అదేదో తెలిస్తేగాని సరైన మందు ఇవ్వలేను, నెత్తురు తీసి క్రిమిని పెంచి చూడాలి అన్నాడు. "ఈ మధ్య సూదులుగానీ గోలీలుగానీ వాడినవా? వాడితే చెప్పు. కొన్ని రోజులు ఆపి అప్పుడు తీస్తం" అన్నాడు.

వాడాను. మా బామ్మర్ది మా వాడలో ఆర్‌ఎంపీ. రోజు విడిచి రోజు సాయంత్రం వచ్చి సూది వేసి, జ్వరం దిగేదాకా కూర్చుని పోయేవాడు. మొత్తం పదకొండు సూదులు. కానీ ఆ మాట చెబితే మళ్ళీ తిప్పుతారు. ఆ దవాఖానకు రావడం అది నాకు మూడోసారి.

అర్జీలు రాసేవాడికి ఒక అలవాటు ఉంటుంది. గడిలో ఏది రాస్తే పని అవుతుందో అది రాస్తాడు. పింఛనుకు వచ్చిన ముసలామెను వయసు అడిగితే "యాభై ఎనిమిదో, అరవయ్యో, నాకేమెరుక" అంటుంది. నేను అరవై అని రాస్తాను. అది అబద్ధమని నాకు ఎన్నడూ అనిపించలేదు. నా చేతికి ఇచ్చిన ఫారంలో ఒక గడి ఉంది. గత రెండు వారాల్లో యాంటీబయాటిక్ మందులు వాడారా? నా అందమైన దస్తూరీతో ‘లేదు’ అని రాశాను.

ఆ ఫారం చూసి ఆమె తల ఊపింది. రబ్బరు పట్టీ కట్టి, రెండు వేళ్ళతో మోచేతి మడతలో తట్టింది. నాతో కాదు, నరంతో మాట్లాడింది. "రా బిడ్డా, రా. సిగ్గుపడకు. గీ కాక గట్లనే చూస్తడు గని ఏమనడు." స్పిరిట్ రుద్ది, అది ఆరేదాకా గోడగడియారం చూస్తూ నిలబడింది. నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నోరు మూయ్ కాకా. సీసా మూత తీస్తున్న. నీ నోట్లె క్రిములు నా సీసాల పడ్తయి."

అది రెండోది.

ఒకసారి తీసింది. గంట కూర్చోబెట్టి ఇంకో చేతికి తీసింది. ఇంకో గంటకు మళ్ళీ రమ్మన్నది. నాకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా, నా నెత్తురంత గుంజుకుంటవా? ఒక్కసారి చాలదా?"

"నువ్వు కచేరి కాడ కూసుంటవట గదా. ఒక్క సాక్షి చెప్తే నమ్ముతరా మీ కాడ? ఒక్క సీసాల పెరిగితే చర్మం మీది మురికి కావొచ్చు. ముగ్గురు సాక్షులు ఒక్కటే మాట చెప్తే అప్పుడు నమ్ముత."

ఆ మూడు సీసాలను ఒక పెట్టెలో పెట్టింది. సీసాలను వెచ్చగా ఉంచే యంత్రం అది. లోపల ఏదైనా పెరిగితే కూత పెడుతుంది. ఆమె దాన్ని ‘నా కోడి’ అనేది. "పొదుగుడు పెట్టిన. లేస్తే పిలుస్త, పో" అన్నది.

అయిదు రోజులకు పోతే ల్యాబు ముందర పాతికమంది ఉన్నారు. ఆమె నా కాగితం పట్టుకుని బయటికే వచ్చింది.

"ఏం పెరగలే కాకా. నిజం చెప్పు, ఎన్ని సూదులు ఏసుకున్నవ్?"

"ఫారంల రాసిన గదా."

"ఫారంల నువ్వు రాసినవ్. సీసాల నీ నెత్తురు రాసింది. రెండు కలుస్తలేవు."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"నేనట్లంటలే. స్కానుల తలుపు మీద క్రిమి కండ్లబడుతున్నది, సీసా ఏమో ఊకున్నది. ఎవలో దాని నోరు నొక్కిండ్రు అంటున్న. నేను కాగితాన్ని అడగ, సీసానే అడుగుత."

పాతికమందీ నవ్వారు. అది మూడోది. ముప్పై ఏండ్లు కాగితం మీద బతికినవాడి ముందు అనే మాటేనా అది? అక్కడే బెంచీ మీద కూర్చుని సంచిలోంచి తెల్లకాగితం తీశాను. సదరు ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల నా రక్త నమూనా పాడైపోయిందనీ, అడిగినందుకు పదిమందిలో నన్ను అబద్ధాలకోరుగా చిత్రించిందనీ, తగు చర్య తీసుకోగలరనీ రాశాను. పేరు చెప్పమంటే జంకు లేకుండా చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పి, తన ఉద్యోగి నంబరు కూడా రాయించింది. చదివి వినిపించమన్నది. వినిపించాను. మెచ్చుకున్నట్టు తల ఊపి, కాగితం మూలకు వేలు పెట్టింది.

"తేదీ ఎయ్యి కాకా. తేదీ లేకుంటే పక్కకు పడేస్తరు."

నేను తేదీ మరచిపోయాను. నేను! ఏడింటిలోకీ నాకు బాగా గుచ్చుకున్నది అదే.

ఆమెకు మెమో ఇచ్చారు. ఆ ఏడే ఆమెకు ఆదిలాబాద్ బదిలీ రావలసి ఉందట. భర్త అక్కడే ఉంటాడు. ఈమె ఇక్కడ ఒక చిన్న అర్రలో కిరాయికి ఉండి, ప్రతి శనివారం బస్సెక్కిపోయి సోమవారం పొద్దున్నే దిగేది. విచారణ తేలనివాళ్ళ పేర్లు బదిలీ లిస్టులోంచి తీసేశారు. ఈ సంగతి నాకు చాలా రోజులకు తెలిసింది. తెలిసినప్పుడు, నిజం చెబుతున్నాను, కొంచెం సంతోషపడ్డాను.

ఆ మెమో అందిన వారంలోనే డాక్టరు నన్ను దవాఖానలో చేర్చుకున్నాడు. అయిదారు రోజులు ఏ మందూ ఇవ్వకుండా కళ్ళముందు పెట్టుకుని చూసి, మళ్ళీ నెత్తురు తీయాలన్నాడు. అలా చేయాలని డాక్టరుతో పట్టుబట్టింది ఆమేనని వార్డు నర్సు చెప్పింది. వార్డులో ఉంటే మా బామ్మర్ది సూదితో రాలేడు కదా. ఆమె తానే పైకి వచ్చి మళ్ళీ మూడుసార్లు తీసింది. మెమో మాట ఎత్తలేదు. నరంతోనే మాట్లాడింది.

రెండోరోజు మధ్యాహ్నం వార్డు గుమ్మంలోంచే అరిచింది. "కాకా, కోడి లేచింది! ముగ్గురు సాక్షులు ఒక్కటే మాట!"

దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుంది. ముఖంలో నవ్వు తగ్గింది.

"దొడ్డికి పోతే నెత్తురు పడ్తదా?"

అటు ఆరుగురు, ఇటు ఆరుగురు పేషెంట్లు. అందరికీ వినపడింది. అది అయిదోది. నేను ముఖం అటు తిప్పుకున్నాను.

"ఎందుకు అడుగుతున్ననంటే విను. నీ గుండెల దొరికినోడు గుండెల ఉండేటోడు కాదు. వాని ఇల్లు పేగు. పేగుల ఉన్నన్ని రోజులు ఎవలి జోలికి రాడు. పేగు గోడ ఏడనన్న చెడితే గా సందుల నుంచి నెత్తురులకు జారుతడు. నెత్తురుల తిరిగి తిరిగి గుండె తలుపు కాడ తిష్ట ఏస్తడు. తలుపు కాడ దొరికిండు, నాలుగు వారాలు సూదులిస్తే పోతడు. గని ఏ గోడ దూకి వచ్చిండో చూడాలె గదా?"

"గోడ చెడుడంటే?"

"పుండు కావొచ్చు, గడ్డ కావొచ్చు. ఏం లేకపోవచ్చు గూడ. గీ క్రిమి దొరికినోళ్ళందరికి క్యాన్సర్ ఉంటదని కాదు. గని దొరికినంక పేగు చూడకుండ ఇడిసిపెట్టొద్దు. డాక్టర్ సాబ్ గూడ గదే రాసిండు. కెమెరా పెట్టి చూస్తరు."

"ఏడ పెట్టి?"

చెప్పింది. పక్క మంచం మీది ముసలాయన కండువా నోట్లో కుక్కుకుని నవ్వాడు. అది ఆరోది.

నాలుగు వారాలు సూదులు వేయించుకున్నాను. చలి పోయింది, జ్వరం పోయింది. కండ కరిగింది, తలుపు బాగానే పనిచేస్తున్నదన్నారు. పెద్దపేగు పరీక్షకు తేదీ ఇచ్చారు. నేను పోలేదు. గుండెజబ్బుకు కింద నుంచి గొట్టం ఏమిటి? నా మీద కక్షతో ఆమే ఇదంతా పెట్టించిందని నా అనుమానం. అలా పెట్టించవచ్చునని నాకు తోచింది, ఎందుకంటే ఆమె స్థానంలో ఉంటే నేను అదే చేసేవాణ్ణి.

అప్పటినుంచి శనివారం శనివారం ఫోను. వెనక బస్సు ఇంజను చప్పుడు, కండక్టర్ "నిర్మల్, నిర్మల్" అని అరవడం వినిపించేవి.

"కాకా, పోయినవా?"

"పోలే."

"ఎప్పుడు పోతవ్?"

"నువ్వెవలు అడగనీకి?"

"నీ అర్జీల ప్రతివాదిని. వాది సచ్చిపోతే అర్జీ వాపస్ ఎవలు తీసుకుంటరు? నా ఫికర్ నాది."

ఫోను పెట్టేసేవాణ్ణి. వచ్చే శనివారం మళ్ళీ అదే బస్సు, అదే మాట. ఒకసారి మా ఇంటామె ఎత్తింది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో నాకు అన్నం దొరకలేదని కాదు గానీ, దొరికిన అన్నంతో పాటు మాటలు కూడా దొరికేవి. ఏడో శనివారం దాటాక, ఇద్దరు ఆడవాళ్ళ పోరు పడలేక పోయాను.

పెద్దపేగు ఎడమ పక్కన రేగుపండంత గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. కానీ ఇంకా గోడ దాటలేదు. ఆ భాగం కోసి, పేగును మళ్ళీ అతికారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే వేరే మాట చెప్పేవాణ్ణని సర్జన్ అన్నాడు. నాకు కడుపునొప్పి లేదు, నెత్తురు పడలేదు. ఆ క్రిమి గుండెలోకి రాకపోతే, దాన్ని ఆమె సీసాలో పట్టకపోతే, నాకు తెలిసే దారే లేదు.

కుట్లు మానాక, ఆమె పేరు లేకుండా నా అర్జీ తేదీ మాత్రం వేసి, ఒక కాగితం రాసుకుని ల్యాబుకు పోయాను. అర్జీ వాపస్ తీసుకోవడం నా జన్మలో అదే మొదలు. ఆమె బెంచీ మీద రొట్టె తింటున్నది. చెయ్యి కోటుకు తుడుచుకుని కాగితం అందుకుంది. చదివింది.

"పొరపాటున రాసితిని, అన్నవ్."

"అవు."

"పొరపాటు కాదు గదా కాకా."

నేను సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"ఎన్ని సూదులు?"

మొదటిసారి చెప్పాను. "పదకొండు."

"అగ బాయీ!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "గిది రాయి. పదకొండు సూదులు ఏసుకొని లేదని రాసిన అని రాయి. ఏసినోని పేరు నాకొద్దు. పొరపాటు అంటే ఎవలది పొరపాటు? నాది అనుకుంటరు, నీది అనుకుంటరు. రేపు ఇంకోడు గిట్లనే రాస్తడు, వాని సీసా గూడ ఊకుంటది. వానికి నీ అంత నసీబు ఉండకపోవచ్చు."

"నా కాగితం అబద్ధమని నా చేతితోని రాసియ్యాల్నా?"

"ఇంకెవలి చేతితోని రాస్తవ్?"

"నీ బదిలీ ఆగింది గదా. దీన్ని తీసుకుంటే వస్తది."

"వస్తది. గని గిట్ల వద్దు." రొట్టె విరిచి నా వైపు చాపింది. "తిన్నవా?"

తినలేదు. తీసుకోలేదు. బతికించినంత మాత్రాన ఇంత బిగువా అనుకుంటూ వచ్చేశాను. అది ఏడోది. ఆ కాగితం నా సంచి అడుగున మూడేండ్లు ఉంది. దవాఖాన మీదుగా పోవలసి వస్తే ఇంకో వీధి తిరిగి పోయేవాణ్ణి. రెండుసార్లు బదిలీ లిస్టులు వచ్చాయని పేపర్లో చూశాను. శనివారం ఫోను మాత్రం రాలేదు. అడగవలసింది ఆమె అడిగేసింది.

మొన్న ఎండాకాలంలో ఒక సోమవారం, నా స్టూలు మీద ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఆదిలాబాద్ మార్కెట్‌లో పత్తి కాంటా దగ్గర పనిచేసి మానుకున్నాడట. భార్య చనిపోయింది, మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు రాయాలన్నాడు. పేరు చెప్పాడు. నా కలం ఆగింది. ఇంటిపేరు కూడా చెప్పాడు. రాశాను.

"ఎట్ల పోయింది?"

"బుధారం పొద్దుగాల డ్యూటీకి తయారై, మంచం మీద కూసొని చెప్పులు ఏసుకుంటున్నదట సాబ్. అట్లనే పక్కకు ఒరిగింది. మెదడుల నరం చిట్లిందన్నరు. ఇంటి ఓనరామె పోయి చూసేసరికి అయిపోయింది. నేను బస్సుల వచ్చేసరికి సాయంత్రమైంది."

మరణించిన స్థలం అనే గడి వచ్చింది. ఆయన "గీడనే సాబ్, కరీంనగర్" అన్నాడు. ఆ గడిలో ఆదిలాబాద్ అని ఉండవలసింది. ఎందుకు లేదో ఆ బల్ల దగ్గర నాకొక్కడికే తెలుసు. కరీంనగర్ అని రాశాను.

"శనారం శనారం బస్‌స్టాండుకు పోయి నిలవడేటోన్ని" అన్నాడాయన తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "గిప్పటికి శనారమైతే కాళ్ళు అటే పోతున్నయ్. బదిలీ రాకపాయె. ఎవలో అర్జీ పెట్టిండట. పేరడిగితే చెప్పలే. 'పోయి కొడ్తవా ఏంది' అని నవ్వేది. ఏమన్నంటే, పొదుగుడు పెట్టిన, ఇంకా లేవలే, లేస్తది అనేది. నాకైతే సమజ్ కాకపోయేది."

నాకు సమజ్ అయింది. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు. దరఖాస్తు మడిచి ఇచ్చి, ఏ కౌంటరో చూపించి, ఆయన గేటు దాటేదాకా చూశాను. తర్వాత లైనులో ఉన్నవాళ్ళను రేపు రమ్మని చెప్పి బల్ల మడిచాను. వెనక నలుగురు తిట్టారు. వాళ్ళు ఎవరో నాకు గుర్తులేదు.

ఇంటికి పోయి కొత్త కాగితం తీశాను. పొడుగేమీ లేదు. ఆనాడు నేను నింపిన ఫారంలో ‘లేదు’ అని రాసింది అబద్ధం. అప్పటికి పదకొండు సూదులు వేయించుకుని ఉన్నాను. నా నమూనాలో ఏమీ పెరగకపోవడానికి నేనే కారణం. సదరు ఉద్యోగిని తప్పు ఏమీ లేదు. ఆమె చెప్పిన పరీక్ష వల్లనే నేను బతికి ఈ కాగితం రాస్తున్నాను. పేరు, ఉద్యోగి నంబరు రాశాను. నంబరు ఎక్కడా వెతుక్కోనక్కరలేకపోయింది.

దవాఖాన ఆఫీసులో కాగితాలు తీసుకునే గుమాస్తా పై రెండు లైన్లు చూసి తిరిగి నా ముందుకు తోశాడు.

"ఆమె లేదు గదా కాకా. గిప్పుడెందుకు?"

"స్టాంపు కొట్టు."

"ఆమె పోయినంక ఫైలు మూసిండ్రు. దీన్ని ఏడ పెట్టాలె?"

"గా ఫైలులనే పెట్టు. నా అర్జీ మీద పెట్టు."

"గట్ల కుదరది."

"కుదరదని రాసియ్యి. దాని మీద పైకి రాస్త. నీ పేరు చెప్పు."

అతను నా ముఖం వైపు చూసి కాగితం మళ్ళీ అందుకున్నాడు. ఈసారి పూర్తిగా చదివాడు. పదకొండు సూదుల దగ్గర ఆగి తల ఎత్తాడు, మళ్ళీ దించాడు. స్టాంపు చేతిలోకి తీసుకుని, కొట్టేముందు కుడి పక్క మూలకు చూశాడు.

తేదీ ఉంది. అన్నిటికంటే ముందు అదే వేశాను.